సెబాస్టియన్ చెప్పిన హంస కథ

మా యానాంకి ఫ్రెంచివాళ్ల మీద ఉన్న అభిమానం ఇంతా అంతా కాదు. వాళ్లు వచ్చినందుకు గర్వపడతాం, వెళ్లిపోయినందుకు సెలవు తీసుకుంటాం. కాకినాడ బస్సు దిగిన చుట్టం ఎవరైనా "మీకూ మాకూ తేడా ఏముందండి, అదే తెలుగు, అదే ఎండ" అన్నాడంటే మొహం గంటు పెట్టుకుని "మాది ఫ్రెంచి యానామండి" అంటాం. సరే, ఆ ఫ్రెంచి ఒక్క ముక్క మాట్లాడండి అంటే మాత్రం అందరం ఒకవైపే చూస్తాం. పదిహేనేళ్లుగా మేం చూస్తున్న ఆ వైపున ఉండే మనిషి ఆగ్నెస్.

ఆగ్నెస్‌కి నలభై ఆరేళ్లు. ఓ ప్రభుత్వ కార్యాలయంలో యూడీసీ. వచ్చిన అర్జీల మీద నంబర్లు వేసి, వాటిని తెరవకుండా పై బల్లకి పంపడం ఆమె పని. భర్త ఆనంద్‌కి బస్టాండు దగ్గర జిరాక్సు కొట్టుంది. చూడటానికి మామూలు మనిషే గానీ, విదేశాల నుంచి ఎవరైనా వస్తున్నారంటే చాలు, ఊరికి ఆగ్నెస్ కావాలి. పట్టుచీర కట్టించి, చేతికి పూలగుత్తి ఇచ్చి ముందు వరసలో నిలబెట్టేవారు.

ఆమెకి వచ్చిన ఫ్రెంచి బోంజూర్, మెర్సీ, ఏడు దాకా అంకెలు, ఇంకో పొడవాటి వాక్యం. ఆ వాక్యానికి అర్థం "మా ఊరికి దయచేయండి, మీ రాకతో ధన్యులమయ్యాం" అని. చిన్నప్పుడు వాళ్ల నాన్న నేర్పాడు. ఇప్పటికి రెండుసార్లు నిజమైన ఫ్రెంచి అతిథుల ముందు ఆ వాక్యం చెప్పింది. రెండుసార్లూ వాళ్లు కాసేపు తెల్లమొహం వేసి, తర్వాత నవ్వి, ఆమెతో ఫొటో దిగారు. అంత చక్కగా మాట్లాడినందుకు మర్నాడు ఆఫీసులో అందరూ ఆమెకి టీ పోయించారు.

ఇదంతా ఆమె గొప్ప కాదు, వాళ్ల నాన్న సెబాస్టియన్ గొప్ప. ఆయన పాండిచ్చేరిలో ఒక ఫ్రెంచి దొరసాని ఇంట్లో పన్నెండేళ్లు వంట చేశాడు. ఆవిడ సామాను సర్దుకుని శాశ్వతంగా వెళ్లిపోతూ తన కలరు టీవీ, వీసీఆర్, ఆ వీసీఆర్‌లో ఇరుక్కుపోయి ఉన్న ఒక క్యాసెట్టూ ఈయనకి ఇచ్చింది. ఎనభై ఆరులో ఆ మూడింటితో సెబాస్టియన్ యానాం వచ్చి దిగాడు. వీధిలో అప్పటికి ఇంకో టీవీ లేదు. ఇంకో క్యాసెట్టు ఆయన దగ్గరా లేదు. అందువల్ల ప్రతి ఆదివారం, చర్చిలో పూజ ముగిసి జనం ఇళ్లకు చేరగానే, ఆ ఒక్క సినిమానే వేసేవాడు.

అది బొమ్మల సినిమా. బాలే అని యూరోపులో కాలి మునివేళ్ల మీద ఆడే నాట్యం ఒకటుంది కదా, అలాంటి ఒక పాత బాలే కథని బొమ్మలుగా గీసి తీసింది. ఒక మాంత్రికుడి శాపానికి రాకుమారి హంసగా మారిపోతుంది. ఒక రాకుమారుడు ఆమెని ప్రేమిస్తాడు. చిక్కల్లా ఏంటంటే, సినిమాలో మాటలు మనకి అర్థం కావు. అందుకని సెబాస్టియన్ టీవీ పక్కన స్టూలు వేసుకుని, చేత్తో అట్లకాడ పట్టుకుని, బొమ్మని చూపిస్తూ తెలుగులో చెప్పుకుపోయేవాడు. పక్కనున్న మెట్టకూరు నుంచి కూడా పిల్లలు నడిచి వచ్చి అరుగు మీదా కిటికీ మీదా కూర్చుని వినేవారు.

"చూడండర్రా, ఆ గుడ్లగూబ మొహం ఉన్నోడే ఆఫీసరు. ఈ పిల్ల పర్మిటు మీద సంతకం పెట్టమంటే పెట్టలేదు. సంతకం లేక ఆ పిల్ల హంసగానే ఉండిపోయింది" అనేవాడు. నాట్యం వచ్చి, పది నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే పిల్లలు గోల చేస్తారని, "ఇక్కడ మాటల్లేవు, మనసులో అనుకుంటున్నారు, ఏమనుకుంటున్నారో నేను చెప్తాను" అని మొదలెట్టేవాడు. రాకుమారుడి తల్లి విందులో పులస పులుసు చాల్లేదని వంటవాణ్ని తిట్టేది. వంటవాడు చాలా మర్యాదగా, చాలా వివరంగా జవాబు చెప్పేవాడు. అసలు సినిమాలో వంటవాడు కనిపించడు గానీ, కథలో అతనిదే పెద్ద వేషం.

చివర్లో మాంత్రికుడు తన కూతుర్ని అచ్చం రాకుమారిలా తయారు చేసి విందుకి తీసుకొస్తాడు. ఇక్కడ పిల్లలందరూ ఊపిరి బిగబట్టేవారు. సెబాస్టియన్ కథలో రాకుమారుడు తెలివైనవాడు. ఆ పిల్ల పాదాలు చూస్తాడు. హంసగా నీళ్లలో నానిన పాదాలు అలా ఉండవు. "నువ్వు ఆ పిల్లవి కావు, బయటికి నడు" అని చెయ్యెత్తి గట్టిగా అంటాడు. ఆఫీసరుకి బుద్ధి వచ్చి సంతకం పెడతాడు. అంతే, సెబాస్టియన్ లేచి బటన్ నొక్కేసేవాడు. "అయిపోయిందిరా. తర్వాతంతా పెళ్లి భోజనాలు. మనం చూస్తే వాళ్లకి దిష్టి తగులుతుంది" అనేవాడు. ఆ క్యాసెట్టు మిగతా ముక్క యానాంలో ఎవరూ చూడలేదు.

దాంతో సెబాస్టియన్‌కి ఫ్రెంచి వచ్చన్న సంగతి స్థిరపడింది. ఫ్రాన్సులో చుట్టాలున్నవాళ్లు, అక్కణ్నుంచి పింఛను వచ్చేవాళ్లు ఏ కాగితం వచ్చినా ఆయన దగ్గరికే పట్టుకొచ్చేవారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, కింది నుంచి పైకోసారి, పై నుంచి కిందికోసారి చదివి, "మీ క్షేమం అడిగారు. మిగతాది ఓసారి పాండిచ్చేరి వెళ్లి కనుక్కోండి" అనేవాడు. ఏ ఉత్తరానికైనా అదే మాట. అది ఒక్కసారి కూడా తప్పు కాలేదు. ఆయన పోయి పదిహేనేళ్లయింది. ఆ కుర్చీ ఖాళీగా ఉండకూడదని ఊరు కూతుర్ని కూర్చోబెట్టింది.

ఈ ఏడాది మా ఫ్రెంచి వారసత్వ పరిరక్షణ సమితికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. సమితి అధ్యక్షులు శ్రీరామచంద్రమూర్తి గారు, రిటైరైన హెడ్మాస్టరు. ఒక గది సంపాదించి, అందులో రెండు బీరువాలు, ఒక నిఘంటువు పెట్టి, దానికి "సెబాస్టియన్ ఫ్రెంచి భాషా మందిరం" అని పేరు పెట్టాలని తీర్మానించారు. ప్రారంభం రోజున ఆ పాత సినిమాని తెర మీద వేయాలనీ, అది అయ్యాక బోర్డు మీద గుడ్డ తీయాలనీ అనుకున్నారు. ఈ కబురు విని ఆగ్నెస్ ఆఫీసులోనే కళ్లు తుడుచుకుంది. వంటవాడి కూతురని చిన్నప్పుడు వెనక బెంచీలో కూర్చోబెట్టిన పిల్ల. ఇప్పుడు ఆ వంటవాడి పేరు బోర్డెక్కుతోంది.

క్యాసెట్టు ఎప్పుడో బూజు పట్టిపోయింది. పక్క సీటు సౌజన్య, కంప్యూటర్ తెలిసిన పిల్ల, రెండు రోజులు వెతికి సినిమాని ఇంటర్నెట్టులో పట్టుకుంది. మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను ఆగ్నెస్ చేతిలో పెట్టి, "కింద ఇంగ్లీషులో కూడా వస్తాదండి, హాయిగా చూసుకోండి" అని టిఫిన్ బాక్సు కడుక్కోవడానికి వెళ్లింది.

అదే సరస్సు, అదే హంస, అవే రెల్లు పొదలు. ఆగ్నెస్‌కి మళ్లీ ఎనిమిదేళ్లు వచ్చేశాయి. రాకుమారుడు విల్లెక్కుపెట్టగానే హంస ఆడపిల్లగా మారి ఒక వాక్యం చెప్పింది, ఆగ్నెస్ అతిథులకి చెప్పే వాక్యమే. కింద ఇంగ్లీషులో "నన్ను చంపకు, నేను పక్షిని కాను" అని వచ్చింది. ఆగ్నెస్ పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

తర్వాత పర్మిటు రాలేదు. పులస రాలేదు. వంటవాడి ఊసే లేదు. నాట్యంలో ఎవరూ మనసులో ఏమీ అనుకోలేదు. ఇవన్నీ ఓర్చుకుంది. నాన్న పిల్లల కోసం కాస్త మసాలా దట్టించాడులే అనుకుంది. కానీ సినిమా వివరాలు రాసిన చోట, భాష అన్న మాట పక్కన "జర్మన్" అని ఉంది. ఇంకోసారి చూసింది. జర్మనే.

నాన్నకి ఫ్రెంచి రాదు. వచ్చుంటే, మొదటి ఆదివారమే ఇది ఫ్రెంచి కాదని తెలిసేది. ఇన్నాళ్లూ తాను ఫ్రెంచి అతిథుల్ని జర్మన్ భాషలో, చంపొద్దని బతిమాలుకుంటూ ఆహ్వానించింది. ఆగ్నెస్‌కి సిగ్గేసింది. ఆ వెంటనే తండ్రి మీద ఒళ్లు మండింది. చచ్చిపోయినవాడి మీద కోపం వస్తే తీర్చుకునే దారి ఉండదు. ఫోను తిరిగిచ్చేసి, సాయంత్రం దాకా అర్జీలకి ఒకే నంబరు వేసుకుంటూ కూర్చుంది.

ఇంటికెళ్లి ఆనంద్‌కి చెప్పింది. అతను, "మాంగారి కథే బాగుంది కదే. చెప్పకు ఎవరికీ" అన్నాడు.

"చెప్పకపోతే దాగుద్దా? పాండిచ్చేరి నుంచి తెరేసా మేడమ్ గారు వస్తన్నారు. తెర పక్కన నిలబడి, వాళ్లేం మాట్లాడుతున్నారో తెలుగులో చెప్తారంట. ఆవిడకి నిజంగా ఫ్రెంచి వచ్చు."

అసలు భయం అదీ. తెరేసా మా పక్కనున్న అడవిపొలం ఆడపడుచు, పాండిచ్చేరిలో ఫ్రెంచి పాఠాలు చెబుతుంది. ఆవిడ మైకు పట్టుకుని "ఇది ఫ్రెంచి కాదు" అందంటే, నాన్న పేరు బోర్డెక్కకముందే ఊరందరి నోళ్లలోకి ఎక్కుతుంది. ఆగ్నెస్ మర్నాడే శ్రీరామచంద్రమూర్తి గారింటికి పరిగెత్తింది. నాన్న సంగతి నోట రాలేదు, సినిమా సంగతి మాత్రం చెప్పింది.

"అది ఫ్రెంచి సినిమా కాదంటండి మాస్టారూ. జర్మనంట."

"ఎవరన్నారు?"

"ఫోన్లో ఉందండి."

"ఫోన్లో మన యానాం తమిళనాడులో ఉందని కూడా ఉంటుందమ్మా, ఒప్పుకుంటామా? ఆహ్వాన పత్రికల మీద 'ఫ్రెంచి చలనచిత్రం' అని అచ్చయిపోయింది. అచ్చయ్యాక అది ఫ్రెంచే. అన్నట్టు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు తీయించేస్తున్నాను. అవి కనపడితే ఫ్రెంచి వాతావరణం చెడిపోతుంది" అన్నారాయన.

శనివారం సాయంత్రం ఆరున్నరకి హాలు నిండిపోయింది. ఒకప్పుడు అరుగు మీద కూర్చున్నవాళ్లు ఇప్పుడు బొజ్జలతో, మనవలతో వచ్చారు. కిటికీ ఎక్కిన చిన్నారావు ఇప్పుడు రొయ్యల వ్యాపారి, ముందు వరసలో సోఫా. వేదిక మీద సెబాస్టియన్ ఫొటోకి దండ, పక్కనే గుడ్డ కప్పిన బోర్డు. తెరేసాకి శాలువా కప్పి, మెమెంటో ఇచ్చి, మైకు చేతికిచ్చారు. దీపాలు ఆర్పారు.

బొమ్మ మొదలైంది. మొదటి మాట వినగానే తెరేసా మొహం మారడం తెర వెలుగులో ఆగ్నెస్‌కి స్పష్టంగా కనిపించింది. ఇక అయిపోయిందనుకుని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెరేసా మంచినీళ్లు అడిగి తాగింది. భుజం మీది శాలువా సర్దుకుంది. ఎదురుగా ఉన్న మూడు వందల మంది మొహాలు చూసింది. గొంతు సవరించుకుని, "ఇది కొంచెం పాతకాలపు ఫ్రెంచి. ఉత్తరాది యాస. అయినా ప్రయత్నిస్తాను" అంది. ఆ తర్వాత బొమ్మ చూస్తూ మొదలెట్టింది. "అనగా అనగా ఒక రాకుమారి అడవిలో దారి తప్పింది."

చిన్నారావు సోఫాలోంచి లేచాడు. "దారి తప్పలేదండి. పర్మిటు మీద సంతకం పెట్టలేదండి ఆఫీసరు."

"ఆఫీసరా?" అంది తెరేసా.

"ఆ గుడ్లగూబ మొహమోడేనండి" అని నాలుగు వరసలు ఒక్కసారే చెప్పాయి.

అక్కడి నుంచి తెరేసాకి పని లేకపోయింది. నాట్యం రాగానే ఆడవాళ్లు "మనసులో అనుకుంటున్నారు" అన్నారు. ఏమనుకుంటున్నారో కూడా వాళ్లే చెప్పారు. విందు రాగానే పులస పులుసు చాల్లేదని హాలంతా గొడవ పడింది. వంటవాడి జవాబు ఒక పోస్టుమాన్ అప్పజెప్పాడు, మధ్యలో మర్చిపోతే వాళ్లావిడ అందించింది. నలభై ఏళ్ల కిందట ఒక వంటవాడు అట్లకాడతో చెప్పిన అబద్ధం వీళ్లకి పాఠ్యపుస్తకం కన్నా బాగా వచ్చు. ఆగ్నెస్‌కి కోపం ఎటు పోయిందో తెలియలేదు. నాన్న గొంతు ఇంతమంది నోట వింటానని ఆమె అనుకోలేదు.

మాంత్రికుడి కూతురు వచ్చింది. రాకుమారుడు చెయ్యెత్తాడు. "బయటికి నడు" అని హాలంతా అరిచింది. అయితే ఈసారి ఆపేవాళ్లు లేరు. బొమ్మ ఆగలేదు. రాకుమారుడు ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. కిటికీ అవతల తెల్ల హంస రెక్కలు కొట్టుకుంది. తర్వాత సరస్సు, తుఫాను. హంస ఆడపిల్లగా మారి నీళ్లలోకి దిగుతోంది. ఈ ముక్కకి ఎవరికీ మాటలు రావు. తెరేసా చాలా వినయంగా, "ఇక్కడి నుంచి సెబాస్టియన్ గారి అమ్మాయి చెబితేనే బాగుంటుంది" అని మైకు ఆగ్నెస్ చేతిలో పెట్టి కూర్చుంది.

నీళ్లు పిల్ల మెడ దాకా వచ్చాయి. భాష రాకపోయినా బొమ్మ కనపడుతుంది కదా. నాన్న ఇది చూసే ఉంటాడు. ఒక్కడే కూర్చుని, చివరి దాకా చూసి, ఇది పిల్లలకి ఎలా చెప్పడం అనుకుని ఉంటాడు. ఆ మనిషిని ఆగ్నెస్ మొదటిసారి చూసినట్టయింది. ఫ్రెంచి పండితుడిగా కాదు, తన నాన్నగా. ఊరికి కూడా ఆ మనిషినే చూపించాలనిపించింది. బోర్డు పోతే పోనీ అనుకుంది.

"ఇది ఫ్రెంచి కాదండి. జర్మన్" అంది మైకులో. "మా నాన్నకి ఫ్రెంచి రాదు. జర్మనూ రాదు. వంట వచ్చు. ఆ పర్మిటూ, పులసా అన్నీ ఆయనే కల్పించేరు. రాకుమారుడు పోల్చుకోలేదండి. ఇంకో పిల్లని చూసి ఈ పిల్లే అనుకుని మాటిచ్చేసేడు. ఈ పిల్ల నీళ్లలో పడి చచ్చిపోద్ది. అప్పుడు మనం అందరం చిన్నపిల్లలం. ఆ ముక్క మనతో చెప్పలేక మా నాన్న బటన్ నొక్కేసేవోరు. అంతేనండి."

దీపాలు వెలిగాయి. చిన్నారావు లేచి, రెండు చేతులూ జోడించి, చాలా మెత్తగా మాట్లాడాడు.

"ఆగ్నెస్ గారూ, మీరేం అనుకోకండి. మీ నాన్నగారి దగ్గర నేను ముప్ఫైసార్లు విన్నాను. ఆయన ఎప్పుడూ ఇలా చెప్పలేదండి. మీకు భాష పూర్తిగా పట్టుబడలేదండి, అంతే. పెద్దాయనుంటే సరిగ్గా చెప్పేవోరు."

"ఆయన చెప్తే ఆ అందమే వేరు" అంది వెనక నుంచి ఒకావిడ, కళ్లు తుడుచుకుంటూ. "ఇంతబతుకూ బతికి ఆ పిల్ల ఎందుకు చచ్చిపోద్దండి, సంతకం అయిపోయేక?"

అందరూ తెరేసా వైపు చూశారు. తెరేసా శాలువా అంచు సవరించుకుని, "ఇలాంటి చోట అనువాదంలో చిన్న చిన్న తేడాలు వస్తుంటాయి. సెబాస్టియన్ గారిది అనుభవంతో చెప్పిన మాట" అంది. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలోనే శ్రీరామచంద్రమూర్తి గారు బోర్డు మీది గుడ్డ లాగేశారు. నీలం మీద తెల్ల అక్షరాల్లో సెబాస్టియన్ పేరు నిగనిగలాడింది.

ఆ రోజుతో ఆగ్నెస్ ఫ్రెంచి పరపతి పోయింది. మొన్న ఎవరో విదేశీయులు వస్తే పూలగుత్తి ఇంకెవరికో ఇచ్చారు. బజార్లో జనం ఆమెని జాలిగా చూసి, "అంతటి తండ్రి కడుపున పుట్టి" అని సగంలో ఆపేస్తున్నారు. సెబాస్టియన్ పాండిత్యం మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది. జర్మన్ కూడా వచ్చునన్న మాట కొత్తగా కలిసింది.

పోయిన వారం శ్రీరామచంద్రమూర్తి గారు స్వయంగా ఇంటికొచ్చారు. మందిరంలో ఫ్రెంచి తరగతులు మొదలవుతున్నాయనీ, తెరేసా గారు వీడియోలో పాఠాలు చెబుతారనీ అన్నారు. "ఇంతవరకూ ఒక్కరూ చేరలేదమ్మా. అందరూ మాకెందుకండి, మాది ఫ్రెంచి యానామే కదా అంటున్నారు. కనీసం నువ్వైనా చేరి మీ నాన్నగారి పేరు నిలబెట్టాలి" అని రిజిస్టరు ముందు పెట్టారు.

ఆనంద్‌కి రోషం వచ్చింది. మాస్టారు గుమ్మం దాటగానే, "సంతకం పెట్టేసేవేంటే? నిజం చెప్పింది నువ్వు. పరువు పోయింది నీకు. మళ్లీ వెళ్లి అక్కడ కూర్చుంటావా?" అన్నాడు.

ఆగ్నెస్ కొత్త నోటుపుస్తకానికి అట్ట వేసుకుంటోంది. తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"వెళ్తాను. ఊరంతటికీ ఒక్కళ్లకైనా ఫ్రెంచి రావాలి కదండీ."